పెట్ట ముడుచుకొని కూర్చున్నప్పుడు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అమ్మాయికి, మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి ఫోనులో తొందరలో సగమే చెప్పగలిగాను కనుక, మిగిలినది నెమ్మదిగా రాసి వాట్సాప్‌లో పంపుతున్నాను. నీ పెట్ట రెండు రోజులుగా ఈకలు ఉబ్బించుకొని మూలన కూర్చుంటున్నదనీ, నూకలు చల్లినా రావడం లేదనీ అన్నావు. నలతగా ఉన్న కోడిని తోటి కోళ్లే పొడుస్తాయి. అందుకే అది ఓపిక ఉన్నంతవరకు జబ్బును బయటపడనివ్వదు. మన కంటికి ఆనేసరికే జబ్బు ముదిరి ఉంటుందని అనుకొని త్వరపడాలి.

ముందుగా దానిని మిగతా కోళ్లకు దూరంగా, గాలి కొట్టని చోట, గోనెపట్టా పరచిన గంప కింద ఉంచు. కోడి ఒంటి వేడి మామూలుగానే నలభై ఒకటి, నలభై రెండు డిగ్రీలు ఉంటుంది. జబ్బుపడిన కోడికి ఆ వేడిని నిలుపుకోవడమే పెద్ద శ్రమ. గంపకు ఒక పక్కన, గోనెకు తగలకుండా అరవై వాట్ల పాత బల్బు వెలిగించి, వేడెక్కితే అది జరగడానికి రెండో పక్క ఖాళీ వదులు. ముందు మిగతా కోళ్ల పని ముగించుకొని, ఆ తరువాతే దీని దగ్గరకు వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కో.

మేత కంటే నీరు ముఖ్యం. పొట్లం మీద రాసిన కొలత ప్రకారం ఓఆర్‌ఎస్ కలిపి మూకుడులో పెట్టు. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క అంటించు, అదే చప్పరిస్తుంది. గొంతులో మాత్రం ఏదీ పోయవద్దు. గాలిగొట్టం నోరు నాలుక వెనుకనే ఉంటుంది కనుక పోసినది ఊపిరితిత్తులలోకి దిగుతుంది. పెళ్లయిన కొత్తలో నేను ఉల్లిరసం పట్టించిన పెట్ట నా చేతుల్లోనే గిలగిల కొట్టుకొని పోయింది. దానిని చంపినది రోగం కాదు, నా వైద్యమే.

తెల్లవారి లేవగానే మెడ మొదట్లోని మేత తిత్తిని తడిమి చూడు. రాత్రంతా ఏమీ తినని కోడికి అది ఖాళీగా ఉండాలి; పిండిముద్దలాగానో నీళ్ల సంచిలాగానో తగిలితే మేత పెట్టకుండా పశువైద్యునికి చూపించు. తలకిందులుగా పట్టి పిండమని ఎవరైనా చెబితే వినకు. తిత్తి ఖాళీ అయితే మెత్తగా నలిపిన అన్నంలో ఉడికించిన పచ్చసొన కలిపి కొద్దికొద్దిగా పెట్టు. తలమీది జుట్టు పాలిపోయి ఉంటే రెక్కల కింద పేలు, రాత్రిపూట గూటి చెక్కల సందుల్లో నల్లులు ఉన్నాయేమో టార్చిలైటుతో వెతుకు.

తోక దించుకొని, నిటారుగా నిలబడి ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. పసిపిల్లకు పోసేంత గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా పావుగంట కూర్చోబెట్టి, బాగా తుడిచి, వెచ్చగా చీకట్లో ఉంచు. గుడ్డును లోపల పగలగొట్టే ప్రయత్నం చేయవద్దు. పూట గడిచినా రాకపోతే వైద్యుడే దిక్కు.

ఆకుపచ్చని నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ మెలితిరగడం కనబడితే అది కొక్కెర తెగులు కావచ్చు. అది వైరస్ వల్ల వచ్చేది. మందుల కొట్టులో ఇచ్చే యాంటీబయాటిక్ దానిని తగ్గించదు. వేరే జబ్బుకు వైద్యుడు అటువంటి మందు రాస్తే, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకో. కొక్కెర తెగులు రాకుండా కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కలు, రెండు నెలలప్పుడు రెక్క కింద టీకా సూది వేయించడం మరచిపోకు. నలతగా ఉన్నదానికి మాత్రం టీకా వద్దు.

ఒకటికి రెండు కోళ్లు వెంటవెంటనే చనిపోతే ఇక ఇంటి వైద్యం మానాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి నీకు తెలిసినదే. వట్టి చేతులతో తాకవద్దు, కోసుకొని తినవద్దు, ఎవరికీ అమ్మవద్దు. పశువైద్య సేవల ఫోను నంబరు 1962కు గానీ ఊరి పశువైద్యశాలకు గానీ వెంటనే చెప్పి, వారు చెప్పినట్టే సున్నం చల్లి లోతుగా పూడ్పించు.

మూడు రోజులు చూసినా నీరు ముట్టక, నిలబడలేక బాధపడుతుంటే, దానికి బాధ లేకుండా చేసే మార్గం వైద్యుని అడగడం తప్పు కాదు. పిల్లలకు కూడా ఉన్నమాటే చెప్పు.

ఇప్పటికి గంప, బల్బు, నీళ్ల మూకుడు చూడు. రేపు పొద్దున తిత్తి ఖాళీ అయిందో లేదో, రెట్ట ఏ రంగులో ఉన్నదో చూసి నాకు ఫోను చేయి.

మీ పెద్దమ్మ