వాలు చేలో మట్టి నిలబడాలంటే?

ప్రశ్న: మాది అనంతపురం వైపండీ, వాలుగా ఉండే నాలుగెకరాల ఎర్రనేల, వేరుశనగ వేస్తాం, పెద్ద వానొస్తే పైమట్టంతా వంకలోకి పోతోంది. గవర్నమెంట్ స్కీమేమన్నా ఉందా?

జవాబు: ఉందండీ. చాలామంది 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డుతోనే ఆగిపోతున్నారు, అందులో మన నేల గురించి 12 అంశాలు తెలుస్తాయి, మంచిదే, కానీ అది టెస్ట్ మాత్రమే, మట్టి కోతను ఆపదు. మీక్కావాల్సింది కేంద్రం సాగునీటి పథకం కృషి సించాయి యోజన కింద చేసే వాటర్‌షెడ్ పనులు, అంటే గట్లు, కందకాలు, ఫారంపాండ్లు (చేలో నీటి గుంటలు). మీ ఊరు ప్రాజెక్టులో ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి, లేకపోతే గ్రామసభలో గట్టిగా అడగండి. ఈలోపు దయచేసి వాలుకి అడ్డంగానే దున్నండి, గట్టు మీద వట్టివేరు నాటండి, ప్రకృతి వ్యవసాయంలో చెప్పినట్టు వానలకి ముందే నవధాన్యాలు చల్లితే తొలివానకి నేల బోసిగా ఉండదు.