మీ నాన్న ట్రంకుపెట్టెలు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న దీవెనలు.

బడిపంతులుగా పనిచేసి పోయిన మీ నాన్న పెట్టెల గురించి నిన్న ఫోన్లో "ఈ కాగితాలు చూస్తే టెన్షన్‌గా ఉంది, పాతపేపర్లవాడికి వేసేద్దామా" అన్నావు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. వేయొద్దు తల్లీ.

ముందు మీ అమ్మ పని చూడు. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, సర్వీసు రిజిస్టరు నకలు, బ్యాంకు పుస్తకం ఒక ఫైల్లో పెట్టి ఆమె చేతికందేచోట ఉంచు. ఫ్యామిలీ పెన్షన్ పనికి వాటి అవసరం పడుతుంది. మిగతావాటికి తొందర లేదు.

పెట్టెలు నేలమీద కుమ్మరించకు. కట్ట విప్పే ముందు ఫోటో తీసుకుని, ఉన్న వరసలోనే ఉంచు. బదిలీ ఆర్డరుతో కలిపి ఒక పోస్టుకార్డు మీ నాన్న కట్టాడంటే దానికేదో కారణం ఉండే ఉంటుంది. మా మాస్టారి కాగితాలు సర్దినప్పుడు నేను ఉత్తరాలన్నీ ఒకచోట, ఆర్డర్లన్నీ ఒకచోట పేర్చాను. చూడ్డానికి బాగుంది. కానీ ఏ ఉత్తరం ఆయన ఏ ఊళ్ళో ఉండగా వచ్చిందో ఇక తెలుసుకునే దారి లేకుండా పోయింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

తేదీ లేని కాగితం దొరికితే ముద్ర చూడు. పంచాయతీ సమితి పేరుంటే మండలాలు రాకముందుది, అంటే 1980ల మధ్యకు ముందుది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది కాబట్టి, దాని గళ్ళు అచ్చయి ఉన్న కార్డు ఆ తర్వాతిదే. నీకు తోచిన సంవత్సరం వెనకవైపు పెన్సిల్‌తో సన్నగా రాయి. పెన్నుతో వద్దు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి పాఠ్యపథకాల నోటుపుస్తకాలు. నువ్వు వాటినే ముందు పారేస్తావేమోనని నా భయం. బదిలీ ఆర్డరు నకలు ఏదో ఆఫీసులో ఉండొచ్చు. భిన్నాలు చెప్పడానికి మీ నాన్న వేసుకున్న జామకాయ ముక్కల బొమ్మ ఇంకెక్కడా ఉండదు. ఒకసారి నాకో పేజీ చూపించాడు. మార్జిన్‌లో "ఈరోజు ఆరుగురే. నాట్లు" అని ఉంది. దాని కిందే, ఆ వారం పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పాలని రాసుకున్నాడు. పిల్లలు పొలానికి ఎప్పుడు వెళ్ళారో, బడికి ఎప్పుడు తిరిగొచ్చారో మన ఊళ్ళో ఇంకెవరు రాసిపెట్టారు చెప్పు?

తుప్పుపట్టిన గుండుసూదులు మెల్లగా తీసెయ్. సెల్లోటేపు అంటించకు, లామినేషన్ అసలే వద్దు. మా నాన్నగారి ట్రైనింగ్ సర్టిఫికెట్ అలా చేయించాను. ఇప్పుడు లోపల పసుపు మరకలు, బయటికి తీసే వీల్లేదు. పెట్టెలు నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉండాలి. 2000 ఆగస్టు వరదకు హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని విలువైన పాత పుస్తకాలే నీళ్ళపాలయ్యాయి.

మార్కుల జాబితాల్లో పిల్లల కులం, పుట్టినతేదీ ఉంటే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. వాళ్ళిప్పుడు తాతలైనా సరే. బడికి చెందిన రిజిస్టరు కనిపిస్తే ఆ బడికే తిరిగి ఇవ్వాలి.

గ్రంథాలయానికి ఇద్దామనుకుంటే, ఏం దాచగలరో, ఎవరికి చూపిస్తారో ముందే అడుగు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది. పాత పత్రికలు దాచిన చోటు కాబట్టి అక్కడ కనుక్కోవడం మంచిదే. కానీ మీ అమ్మ ఒప్పుకోనిదే ఒక్క ఉత్తరమూ గడప దాటకూడదు.

సంక్రాంతికి వస్తాను. నోటుపుస్తకాల పెట్టె అప్పటిదాకా అలాగే ఉంచు. వాడి గొలుసుకట్టు రాత నీకు అర్థం కాదు, నేను చదివి చెబుతాను.

మీ పెదనాన్న