కొత్త ఇంట్లో టీ పెట్టుకునే ముందు

చిన్నీ,

నిజాంపేటలో ఒక్కదానివే ఫ్లాట్ తీసుకున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆ పని చేసిన మొదటి ఆడపిల్లవి నువ్వే, గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు. పాలు పొంగించిన మర్నాడు టీ పెడితే మసకగా, తెట్టు కట్టి, సప్పగా ఉందని ఏడ్చావట. అది నీ చేతి తప్పు కాదే, బోరు నీళ్లు. మంచినీళ్ల క్యాన్ తెప్పించుకో. అల్లం దంచి నీళ్లలోనే మరిగించు, పచ్చిది పాలల్లో పడితే విరుగుతాయి. ఆ తర్వాత పొడి, పంచదార, పాలు. అంతే.

అసలు నా భయం పొయ్యి గురించి.

1986లో మీ మావయ్యా నేనూ రాజమండ్రి నుంచి వచ్చి చిక్కడపల్లిలో చిన్న పోర్షన్‌లో దిగాం. రెండోరోజు టీకి పాలు పెట్టి, వడపోత ఏ మూటలో ఉందో వెతుకుతూ ముందు గదిలో కూర్చుండిపోయా. మూటలో వడపోత లేదు గానీ మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ దొరికింది, దాన్ని చూసి కాసేపు ఏడ్చాననుకో. ఈలోగా పాలు పొంగి మంట ఆరిపోయింది. వంటింట్లోకొస్తే ఏదో కుళ్లిన వాసన, పాలు మాడాయేమో అనుకుని అగ్గిపుల్ల తీశా. పెరటి గుమ్మంలోంచి ఇంటావిడ ఒక్క ఉరుకున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, ఫాన్ స్విచ్ మీదికి పోతున్న నా చేతి మీద ఒక్కటేసింది. గ్యాస్ గాలి కన్నా బరువు, నేలబారుగా పేరుకుంటుందట. తర్వాత ఆవిడ వంటింట్లో కూర్చుని నేను టీ తాగుతూ చూసుకున్నా, గీయని పుల్ల ఇంకా నా గుప్పిట్లోనే ఉంది, రెండుగా విరిగి.

నీకేమో పాలు పెట్టి ఫోన్ చూసే పాడలవాటు! తన్నాలి నిన్ను. గ్యాస్ ట్యూబు మీద తేదీ చూడు, అయిదేళ్లు దాటితే ఇవాళే మార్చు. అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూడు, బుడగలొస్తే రెగ్యులేటర్ కట్టేసి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్యి. రాత్రి కట్టడం మర్చిపోయానని అర్ధరాత్రి గుర్తొస్తే నాకు ఫోన్ చెయ్యి, తిట్టను, నువ్వు కట్టేసి వచ్చేదాకా లైన్లోనే ఉంటా.

ఆదివారం వస్తున్నా. వడపోత కొనకు, నేను తెస్తా.

మీ అత్త