మూడు శ్రుతి మీద పగ

(హార్మోనియం మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మా అపార్ట్‌మెంట్‌లో పదిమందిమి కలిసి ఒక సంగీత నాటకం రాసుకున్నాం. మొగుడు ఇంకొకావిడ వెంట తిరుగుతాడు. పెళ్ళాం కుళ్ళి కుళ్ళి చివరికి నలుగురిలో అతని పరువు తీసి పగ తీర్చుకుంటుంది. తీర్చుకున్నాక కూలబడి ఏడుస్తుంది. అంతా పద్యాలూ పాటలే. ముందు నవ్వించి తర్వాత ఏడిపించాలని మా ప్లాను. రిహార్సల్ చూడ్డానికి వచ్చినవాళ్ళు చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు! ఎక్కడ తప్పుతోంది?
– ఒక బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు పంపిన ప్రతి రెండుసార్లు చదివాను. పద్యాలు బాగానే కుదిరాయి, రెండుచోట్ల యతి తప్పింది, అది తర్వాత చూసుకుందాం. అసలు తేడా ఆఖరి సీనులో ఉంది. ఆవిడ కూలబడగానే తబలా, కీబోర్డు, వెనక ఉరుముల శబ్దం అని రాశారు. ఇప్పుడు ఏడవండి అని ఉరుములు చెబితే జనం ఏడవరండీ, మైకు సెట్టువాడి వంక చూస్తారు.

ఇంకోటి. మీ కథానాయిక మొదటి సీను నుంచీ జనం వంక చూసి కన్నుకొడుతోంది. తను నవ్వు పుట్టిస్తున్నానని ఆవిడకి తెలిసిపోతే ఇక ఆవిడ కోసం ఎవరూ ఏడవరు. మీ ఊరి నుంచి బస్సెక్కితే కూచిపూడి ఎంత దూరమని! అక్కడి భామాకలాపం చూడండి. సత్యభామ కృష్ణుడి కోసం అల్లాడిపోతూ కబురు తీసుకెళ్ళమంటే, చెలికత్తె మాధవి బేరం పెడుతుంది, ముక్కుపుడక ఇస్తేనే వెళ్తానని. జనం పగలబడి నవ్వుతారు. సత్యకి మాత్రం అది నవ్వులాట కాదు. ఇవ్వనూ లేదు, మానుకోనూ లేదు. బాగా ఆడేవాళ్ళయితే ఆ చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగినచోటే మన నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది.

నా సొంత నిర్వాకం ఒకటి చెబుతాను, మీకు ఇంకా బాగా పనికొస్తుంది. 1984లో తెనాలి దగ్గర ఒక ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో వరసగా రెండు రాత్రులు నాటకాలు ఒప్పుకున్నాం. పెళ్ళయిన కొత్త. మా ఆవిడ టిఫిన్ క్యారేజీ పట్టుకుని మొదటిసారి నాటకానికి వచ్చింది. మొదటిరోజు కృష్ణుడి వేషం కట్టినాయన పాడుతుంటే ఆవిడ రెప్ప వెయ్యలేదు. రాత్రి రెండింటికి పులిహోర తింటూ, "ఆయన గొంతులో తేనె ఉందండీ" అంది. ఊరుకుంటే బాగుండేది. చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ అదే మాట. పక్కన హార్మోనియం పెట్టె వాయించి వాయించి నా వేళ్ళు వాచిపోయాయి, దాని ఊసు లేదు.

రెండోరోజు పారిజాతం సీను. రుక్మిణికి పువ్వు ఇచ్చి వచ్చిన కృష్ణుడు అలిగిన సత్య కాళ్ళ మీద పడతాడు. ఆవిడ తన్నుతుంది. అప్పుడు నంది తిమ్మన పద్యం, 'నను భవదీయ దాసుని' అని. తన్నావు, అది నాకు గౌరవమే, కానీ నా ఒంటి మీద గగుర్పాటుతో నిక్కపొడిచిన వెంట్రుకలు ముళ్ళలా నీ పాదానికి గుచ్చుకుంటాయేమో అంటాడు. తప్పు చేసినవాడు తన్నులు తిని, తన్నిన కాలికి నొప్పి పుట్టిందా అని అడుగుతున్నాడు. నవ్వాలో జాలిపడాలో తెలియని పద్యం.

ఆయన రెండున్నర శ్రుతి మనిషి, ఆయన గొంతుకి హాయిగా అందే ఎత్తు అది. నేను ఇంకాస్త పైన, మూడు ఇచ్చాను. ఎంతసేపు, వేలు ఒక్క మెట్టు జరిపితే చాలు. అప్పటికే మూడు గంటలుగా పాడుతున్నాడేమో, పై షడ్జం, అంటే పై 'స', అందుకోబోయి గొంతు నిలువునా చీలిపోయింది. పందిరంతా గొల్లున నవ్వింది. ఎవడో ఈల కూడా వేశాడు. నా కడుపు చల్లబడింది.

ఆయన ఆగలేదు. ఆ చీలిన గొంతునే కిందికి దించి, ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని, మిగతా పద్యం దాదాపు మాటల్లా చెప్పుకుపోయాడు. తబలా అతనికి ఏం చెయ్యాలో తెలియక చేతులు ఎత్తేశాడు. పందిట్లో చంటిపిల్ల ఏడుపు తప్ప చప్పుడు లేదు. ఇందాక ఈల వేసినవాడే 'వన్స్‌మోర్' అని అరిచాడు. మైకులో చదివింపులు మొదలయ్యాయి. పరదా పడ్డాక ఆయన నా దగ్గరికొచ్చి, కిరీటం విప్పుతూ, "మాస్టారూ, ఇకమీద ఈ పద్యానికి మూడే పెట్టండి" అని వెళ్ళిపోయాడు. తెలిసే అన్నాడో తెలియక అన్నాడో, నలభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ తేల్చుకోలేదు. తిరుగు బస్సులో మా ఆవిడ, "నిన్నటికంటే ఇవాళ ఇంకా బాగా పాడాడు కదండీ" అంది. గుంటూరు వచ్చేదాకా నేను కిటికీలోంచి పొగాకు బేరన్లు లెక్కపెట్టుకున్నాను.

కాబట్టి మీ ఆఖరి సీనులో ఉరుములు తీసెయ్యండి. తబలా ఆపించండి. ఉత్త శ్రుతి ఉంచండి. మొదటి సీనులో ఆవిడ కందిపప్పు ఏరుతూ మొగుణ్ణి ఆటపట్టించే పాట ఉంది చూశారా, అదే వరస చివర మళ్ళీ పాడించండి, సగం నడకలో. కొత్త రాగం వద్దు. జనం అలవాటుగా నవ్వడానికి నోరు తెరుస్తారు. తెరవనివ్వండి.

ప్రశ్న: మా కాలేజీ నాటకంలో భర్త వేషం, ప్రియుడి వేషం వేసేవాళ్ళకి నిజంగానే పడదు. మొన్న రిహార్సల్‌లో కాలర్లు పట్టుకున్నారు. డైరెక్టరు, "సహజంగా వస్తోంది, ఉండనీ" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టెన్షన్ పడాల్సిందేనమ్మా. మీ డైరెక్టరుకి ఇటలీ వాళ్ళ 'పాలియాచ్చి' చూపించు. లియోంకవల్లో అనే ఆయన మాటలూ సంగీతమూ రెండూ తనే రాసుకున్న ఒపెరా, అంటే పాటల నాటకం, 1892లో మిలాన్‌లో మొదటిసారి ఆడారు. మా మనవడు ఫోన్‌లో పెట్టి చూపించాడు. ఊరూరా తిరిగే నాటకాల బృందం. దాని యజమాని కానియో, అతనే జోకరు. భార్య నెద్దాకి ఆ ఊరి కుర్రాడితో సంబంధం. బృందంలోనే ఇంకొకడు ఆవిడ మీద ఆశపడి, ఛీ కొట్టించుకుని, ఆ ఉక్రోషంతో సంగతి మొగుడికి మోసేస్తాడు. ఆ రాత్రి ఆడాల్సింది కూడా మోసపోయిన మొగుడి ప్రహసనమే! కడుపు మండిపోతుంటే మొహానికి పిండి రాసుకుంటూ, నవ్వు జోకరూ అని తనకు తనే పాడుకుంటాడు. స్టేజీ మీద మాటలు తప్పి నిజంగా నిలదీస్తాడు. కూర్చుని చూస్తున్న ఊరి జనం, ఎంత బాగా నటిస్తున్నాడని చప్పట్లు కొడతారు. వాళ్ళకి తెలిసేసరికి కత్తి దిగిపోయింది. ముందు ఆవిడకి, తర్వాత కాపాడబోయిన ప్రియుడికి.

అది కథ. మీది కాలేజీ. ఆ ఇద్దరి వేషాలు తారుమారు చేసి చూడండి, ఒకడి బాధ ఒకడికి తెలుస్తుంది. కత్తి మాత్రం అట్టముక్కదే వాడండి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అంటిస్తే పెట్రోమాక్స్ వెలుగులో కూడా మెరిసేది. మీకు సిగరెట్ పెట్టె ఎక్కడిదని ఇంట్లో అడిగితే నా పేరు చెప్పకండి.

ప్రశ్న: 'చింతామణి' మీద మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యల ఇళ్ళ చుట్టూ తిరిగే మగవాళ్ళకి బుద్ధి చెబుదామని ఆ నాటకం రాశారు. తర్వాత్తర్వాత ఆడినవాళ్ళు అందులోని విటుడు సుబ్బిశెట్టి నోట్లో ఎవడికి తోచిన బూతు వాడు కలిపారు. ఒక వర్గం నొచ్చుకుంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన నిషేధించింది. నిషేధాలు నాకు నచ్చవు. కానీ పెట్టె ముందు కూర్చుని నేను చూసింది ఇది: శెట్టి సీను అయిపోగానే జనం దుప్పట్లు దులుపుకుని లేచిపోయేవాళ్ళు. భార్యకి చేసిన ద్రోహం తలుచుకుని కథానాయకుడు బిల్వమంగళుడు కుమిలిపోయే పద్యాలు తెల్లవారుజామున ఖాళీ చాపలకి పాడుకునేవాడు. సత్యనారాయణపురం వారు ఈ జవాబు కూడా చదువుకోవచ్చు.

ప్రశ్న: హార్మోనిస్టు దొరకడం లేదు. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుని పాడితే తప్పా?
– ఒక గృహిణి, మంగళగిరి

జవాబు: తప్పేమీ లేదమ్మా. దానికి ఎవరి మీదా కుళ్ళు ఉండదు, ఎంత పెడితే అంతే ఇస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మాత్రం మరిచిపోకండి. లేకపోతే సరిగ్గా ఏడుపు సీనులో గ్యాస్ బుకింగ్ మెసేజ్ వస్తుంది.