ముందు ఆవిడ నిద్ర సంగతి చూడండి

ఊరి బయట టెంట్ వేసుకుని రాత్రి గడిపే క్యాంపింగ్‌కి రమ్మంటే, "నేల మీద పడుకోవడం, అర్ధరాత్రి బాత్రూమ్‌కి తిప్పలు, నా వల్ల కాదు" అని మీ ఆవిడ అన్నారని రాశారు కదా. ఆ రెండూ తీర్చండి, ప్రకృతి అందాల మీద ఉపన్యాసాలొద్దు.

మొదటిసారి ఒక్క రాత్రే, శుభ్రమైన టాయిలెట్ దగ్గర్లో ఉన్న చోటే చూడండి. పడక దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఒంట్లో వేడిని చల్లటి నేల లాగేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా కింద మందపాటి మ్యాట్ లేకపోతే తెల్లార్లూ వణుకే. (మా ఆయన నాకు పల్చటి చాప ఇచ్చి, తను హాయిగా గురక పెట్టారు. రెండేళ్లు మళ్లీ ఆ మాటెత్తనివ్వలేదు.)

టెంట్ వేయడం ఇంటి దగ్గరే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. చీకట్లో ఆవిడ చేత టార్చి పట్టించి మీరు కడ్డీలతో కుస్తీ పడితే అంతే సంగతులు! వాన సూచన ఉంటే మొహమాటపడకుండా వాయిదా వేసేయండి.