క్విల్ట్ బ్లాక్ మీద చేత్తో అప్లిక్: అంచులు గతుకులు లేకుండా రావాలంటే ఏ పద్ధతి మంచిది?

అప్లిక్ అంటే కింది బట్ట మీద వేరే బట్టముక్కల ఆకారాలను పెట్టి కుట్టడం, బ్లాక్ అంటే క్విల్ట్ (బొంత) కోసం కుట్టే ఒక చదరపు ముక్క. మీరు ఒక కాడ, మూడు ఆకులు, పైన ఒక హార్ట్ ఉన్న బ్లాక్ మొదలుపెట్టారు, సూదితో అంచు మడుస్తూ కుడితే వంపుల దగ్గర గతుకులు గతుకులుగా వస్తోంది, పద్ధతి మార్చాలా అని అడిగారు. ఇంచుమించు ఇలాంటి బ్లాక్‌నే నేను నాలుగు రకాలుగా కుట్టాను. మొదటిది చూసి నాకూ ఏడుపొచ్చింది. తీరా నాలుగోదానికి వచ్చాక అర్థమైందేంటంటే, మొదటిదాంట్లో సగం తప్పు పద్ధతిది కాదు, నా సూదిది.

మొదటిది మీలాగే సూదితో అంచు మడుస్తూ కుట్టాను, దానికి జాకెట్లకి హెమ్మింగ్ చేసే లావు సూదినే వాడాను. అది బట్టను లోపలికి తోయదు, పొడుస్తుంది. స్ట్రా లేదా మిలినర్స్ పేరుతో దొరికే సన్నటి, పొడుగాటి సూది తీసుకోండి. 10 లేదా 11 నంబరు చాలు (నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది). దారం కూడా సన్నదే, పైన కుట్టే ముక్క రంగులో ఉండాలి. కింది బట్ట రంగు దారం వాడితే ప్రతి కుట్టూ కనిపిస్తుంది.

ఇక మీ గతుకుల సంగతి. ఒకేసారి అంగుళం మేర మడిచేస్తున్నారేమో చూడండి, నేను చేసిందదే. తర్వాతి ఒకటి రెండు కుట్లకు సరిపడా మాత్రమే మడవాలి. మడత కోసం పావు అంగుళానికి కొంచెం తక్కువ వదిలితే చాలు. ఎక్కువైతే లోపల ఆ బట్టంతా పోగుపడి బయటికి ముడతలా కనిపిస్తుంది.

రెండోసారి ఫ్రీజర్ పేపర్‌తో (ఒకవైపు సన్నటి ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం) చేశాను. ఒకవైపు మెరుస్తుంది, ఆ వైపు బట్టకు ఆనించి ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుంది. దాని అంచు వెంబడి మడుచుకుంటూ పోవడమే. వినడానికి బాగుంటుంది గానీ, చేతుల్లో నలిగేసరికి కాగితం రెండుసార్లు ఊడొచ్చింది. కాగితం అడుగున పెట్టి కుట్టే రకం కూడా ఉంది. అందులో చివరికి వెనక బట్ట కోసి కాగితం బయటికి లాగాలి. అలా కోస్తూ ముందున్న ఆకుకి కూడా కత్తెర తగిలించాను. మళ్ళీ దాని జోలికి పోలేదు.

మూడోది గంజి పద్ధతి. ఇది మాత్రం హార్ట్‌కి, గుండ్రటి ముక్కలకి అద్భుతం. అట్టను సరైన సైజులో కోసి, బట్ట మధ్యలో పెట్టి, చుట్టూ ఉన్న మార్జిన్‌కి బ్రష్‌తో గంజి రాసి, అట్ట మీదికి మడిచి ఇస్త్రీ చేయాలి. ఆరాక అట్ట తీసేస్తే అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఆకు మొనల దగ్గరే మడతలు ఒకదాని మీద ఒకటి పడి లావెక్కుతాయి.

నాలుగోది వెనక నుంచి టాకాలు (తర్వాత తీసేసే తాత్కాలిక కుట్లు) వేసే పద్ధతి. నాకు కుదిరింది ఇదే. కింది బట్ట వెనకవైపు డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిప్పి గీయాలి. నేను తిప్పకుండా గీసి, ఆకులన్నీ అటు తిరిగాక గాని చూసుకోలేదు. ముందువైపు బట్టముక్క పరిచి, వెనక గీత మీదుగా లావు సూది, లావు దారంతో దగ్గర దగ్గరగా టాకాలు వేసి, చుట్టూ మార్జిన్ ఉంచి మిగతాది కత్తిరించాలి. నేను ఒక రాత్రి అలాగే వదిలేశాను. కుట్టేటప్పుడు ముందు మూడు నాలుగు టాకాలు మాత్రమే తీసి, అంతవరకే మడిచి కుట్టాలి. లావు సూది చేసిన చిల్లుల వరుస ఉంటుంది కదా, తపాలా బిళ్ళల మధ్య ఉన్నట్టు, బట్ట సరిగ్గా ఆ గీత మీదే మడత పడుతుంది. ముందువైపు పెన్సిల్ గీతలుండవు, పిన్నులకు దారం చిక్కుకోదు.

ఏ పద్ధతైనా హార్ట్ పైన ఉండే నొక్కు తప్పదు. అక్కడ గీతకు ఒకటి రెండు పోగుల దూరం వరకు కత్తిరించండి. మడవడానికి బట్ట దాదాపు ఉండదు కాబట్టి, సూదిని పక్కకు ఊడ్చినట్టు తిప్పి పోగులను లోపలికి తోసి, ఆ చోట రెండు మూడు కుట్లు దగ్గరగా, కాస్త లోతుగా వేయాలి. బయటికి ఉబ్బిన వంపులకు గాట్లు అక్కర్లేదు, పెడితేనే గతుకులు. ఆకు మొన దగ్గర చివరిదాకా కుట్టి, మొన మీద ఇంకో కుట్టు వేసి, బయటికొచ్చిన చెవిలాంటి చిన్న బట్టకొసను కత్తిరించి, అప్పుడు రెండో వైపు తోయండి.

కాడను ముందు కుట్టండి, చివరలు ఆకుల కింద దాక్కుంటాయి. దాన్ని క్రాస్‌గా కోసిన పట్టీతో చేస్తేనే వంపు తిరుగుతుంది. మీరిప్పటికే కుట్టిన ఆకును విప్పకండి, పక్క ఆకుని వెనక టాకాలతో చేసి రెండూ పోల్చి చూడండి. కింది బట్ట మాత్రం ఒక అంగుళం పెద్దగా ఉంచి, కుట్టడం పూర్తయ్యాక సైజుకి కత్తిరించండి. ఇంత చేతికుట్టు పడ్డాక బ్లాక్ కొంచెం లోపలికి లాక్కుంటుంది.