ట్రాన్స్‌ఫార్మర్ నూనె నివేదికలో పీసీబీ అంటే సర్క్యూట్ బోర్డేనా?

పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్ష నివేదికలో "పీసీబీ: 50 పీపీఎం లోపు" (పీపీఎం అంటే పది లక్షల భాగాలలో ఒక భాగం) అని ఉందనీ, సర్క్యూట్ బోర్డును పీపీఎంలలో ఎలా కొలుస్తారనీ మీరు అడిగారు. మీ అనుమానం సరైనదే. అక్కడ పీసీబీ అంటే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు కాదు, పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే 209 రసాయనాల కుటుంబం. ఇవి సులువుగా మండవు, విద్యుత్తును ప్రసరింపనీయవు, వేడికి చెక్కుచెదరవు; అందుకే ఒకప్పుడు వీటిని ట్రాన్స్‌ఫార్మర్లలోనూ కెపాసిటర్లలోనూ నింపేవారు. ఆ చెక్కుచెదరని గుణమే తర్వాత ముప్పయింది. ప్రకృతిలో త్వరగా విచ్ఛిన్నం కాక, జీవుల కొవ్వులో పేరుకుపోతాయి. అమెరికా 1979లో వీటి తయారీని నిషేధించింది. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం, 0.005 శాతానికి మించి పీసీబీ ఉన్న ద్రవ వ్యర్థాలను 2028 నాటికి సురక్షితంగా వదిలించుకోవాలని లక్ష్యం పెట్టింది, ఆ 0.005 శాతమే మీ నివేదికలోని 50 పీపీఎం.

ఈ తికమకలో నేనూ పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత ట్యూబ్‌లైటు చోక్ మీద "పీసీబీలు లేవు" అన్న అర్థం వచ్చే ఆంగ్ల ముద్ర చూసి, విప్పి చూశాను. లోపల రాగి తీగ చుట్ట, ఒక కెపాసిటర్ ఉన్నాయి. బోర్డు నిజంగానే లేదు. నేను చేసుకున్న తప్పు అర్థం కూడా చక్కగా అతికిపోవడంతో, ఆ ముద్ర కెపాసిటర్‌లోని ద్రవం గురించి అని ఒక సీనియర్ చెప్పేదాకా నాకు సందేహమే రాలేదు. బోర్డు లేదని ఎవరైనా ముద్ర ఎందుకు వేస్తారన్న ఆలోచన కూడా తట్టకపోవడం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు చదివేవారికి ఇదే పీసీబీ ప్రాసెస్ కంట్రోల్ బ్లాక్, అంటే ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఏ స్థితిలో ఆగింది, దాని రిజిస్టర్లలో ఏముంది వంటి వివరాలను భద్రపరిచే నిర్మాణం. దీనివల్ల పొరపాటు జరగడం అరుదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ ప్రస్తావన రాదు. మొదటి రెండు మాత్రం ఒకే పరికరంలో పక్కపక్కనే ఉండవచ్చు. కనుక పాత పరికరాల పత్రాలలో పీపీఎం, నూనె, లీకు అన్న మాటలు పక్కన ఉంటే రసాయనమనీ, పొరలు, టంకం అన్న మాటలు ఉంటే బోర్డనీ నేను అనుకుంటాను. రెండూ లేకపోతే, పరికరాన్ని విప్పకముందే నివేదిక రాసినవారిని అడుగుతాను.